మంచి నల్లులూ, మామగారి కషాయమూ

వసుంధర ధర్మవరంలో ప్యాసింజరు బండి ఎక్కి పెనుకొండలో దిగి, ఆటోలో ఊరి మలుపు దాకా వచ్చిందో లేదో వాసన ముక్కుకు తగిలింది. వేపాకు, వెల్లుల్లి, పొగాకు, ఆవు పంచితం అన్నీ కలిసి మాగిన వాసన. ఆ ఇంటికి అది కొత్తేమీ కాదు. పెరట్లో మామగారి కషాయం డ్రమ్ము ఉన్నన్నాళ్లూ ఉండేదే. కానీ ఈసారి వాసన పెరటివైపు నుంచి రావడం లేదు. పాలీహౌస్ వైపు నుంచి వస్తోంది.

"ఆపప్పా, ఈడే ఆపు" అని ఆటో దిగి, పట్టుచీర కుచ్చెళ్లు ఒక చేత్తో, ఆడబిడ్డ ఇచ్చిన స్వీటు డబ్బా ఇంకో చేత్తో పట్టుకుని గట్ల మీద పడి పరుగెత్తింది.

ఎందుకు పరుగెత్తిందో తెలియాలంటే ముందు ఆ పాలీహౌస్ సంగతి చెప్పాలి. అర ఎకరంలో ఇనుప పైపులు నిలబెట్టి, పైన ప్లాస్టిక్ కప్పు వేయించి, మామ ఆదినారాయణ ఎంతో ముచ్చటపడి కట్టించుకున్నది అది. లోపల క్యాప్సికం వేశారు. వరసగా రెండు పంటలు ఎర్రనల్లి పాలయ్యాయి. ఎర్రనల్లి అంటే కంటికి ఆనీ ఆనని పురుగు. ఆకు అడుగున చేరి రసం పీల్చి, మొక్క మీద బూజులా గూడు అల్లేస్తుంది. దుకాణంలో దొరికిన మందులన్నీ కొట్టారు. నల్లి మాత్రం వాటికి అలవాటుపడి ఇంకా బలిసింది.

ఆదినారాయణకు విసుగొచ్చింది. హిందూపురం వ్యాపారి లక్ష్మీకాంత్ పూలతోట వేసుకుంటానని ఎప్పటినుంచో కౌలుకు అడుగుతున్నాడు, ఇచ్చి పారేస్తానన్నాడు. వసుంధర బతిమాలింది. ఒక్క పంట తనకు వదిలిపెట్టమంది. "సరే, ఈ పంట నీ ఇష్టం. నీ పద్ధతి తోటను నిలబెట్టిందా, అది నీదే. మళ్లా నల్లి గూడు కట్టిందా, లక్ష్మీకాంత్‌తో ఆకూ వక్కా మార్చుకునేస్తా" అన్నాడాయన. ఆ ఇంట్లో ఆకూ వక్కా చేతులు మారాక ఇంక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మాట తిరగదు. మామకు ఎద్దులూ చేలూ ఉన్నాయి. అత్త చౌడక్కకు పట్టుపురుగుల షెడ్డు ఉంది. మొగుడు జయరామ్‌కు పెనుకొండలో డ్రిప్పు పైపుల దుకాణం ఉంది. బీఎస్సీ చదివి వచ్చిన వసుంధర మాట వినేవి ఆ ప్లాస్టిక్ కప్పు కింద ఉన్న మొక్కలొక్కటే. ఆ కాస్తా పోతే ఆమెకు మిగిలేది వంటిల్లు.

ఆమె పద్ధతి ఏమిటంటే, ఎర్రనల్లిని తినే ఇంకో రకం నల్లిని తోటలో వదలడం. ఎలుకలకు పిల్లిని పెంచినట్టే. బెంగళూరులో అలాంటి నల్లుల్ని పెంచే చోట ఆమె కాలేజీ స్నేహితురాలు ప్రియదర్శిని పని చేస్తోంది. తవుడులో కలిపిన నల్లుల్ని డబ్బాల్లో పెట్టి హిందూపురం బస్సులో వేసి పంపింది. వసుంధర ఆ డబ్బాల్ని చంటిపిల్లల్లా ఒళ్లో పెట్టుకుని తెచ్చి, ఆకు ఆకుకూ చిటికెడు తవుడు చల్లింది. కొద్దిరోజుల్లోనే భూతద్దంలో చూస్తే మంచి నల్లులు చురుగ్గా పరుగెడుతూ, దొరికిన ఎర్రనల్లిని దొరికినట్టే పీల్చేస్తూ కనిపించాయి. కొత్త చిగుళ్లు తేటగా వచ్చాయి. చాన్నాళ్లకు ఆమె కంటినిండా నిద్రపోయింది.

"మామా, ఇంక ఈ తోటలో ఏ మందూ కొట్టకూడదు. ఏదీ అంటే ఏదీ" అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది.

"నాకెందుకు కొట్టేది. కెమికల్ జోలికి నేను పోనే పోను."

"కెమికలే కాదు మామా. నీ కషాయం కూడా."

"కషాయం మందెట్లయితాదమ్మా?"

ఇదిగో, ఇక్కడే వచ్చింది తంటా అంతా. పెనుకొండలో ప్రకృతి సేద్యం శిక్షణకు వెళ్లొచ్చినప్పటి నుంచి ఆదినారాయణకు కషాయం పిచ్చి పట్టుకుంది. వేప, కానుగ, జిల్లేడు, ఉమ్మెత్త, సీతాఫలం అంటూ పది రకాల ఆకులు తెచ్చి, పచ్చిమిరపకాయలూ వెల్లుల్లీ పొగాకూ నూరి వేసి, పంచితం పోసి డ్రమ్ములో మాగబెడతాడు. పొద్దునా సాయంత్రమూ కట్టెతో కుడివైపుకే కలియదిప్పుతాడు. తిప్పేటప్పుడు ఎవరైనా పలకరిస్తే పలకడు. శెనక్కాయ చేనుకు కొట్టి మంచి ఫలితం చూశాడు, అది కాదనలేం. అంతటితో ఊరుకున్నాడా? అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ బకెట్లతో పంచుతున్నాడు. ఆమడగూరు నుంచి వచ్చిన వియ్యంకుడికి బస్సులో క్యాను ఎక్కించి పంపాడు. ఆ వాసనకు కండక్టరు మధ్యలో దించేశాడట.

ఇంత ప్రేమగా మాగబెట్టిన కషాయం ముట్టుకున్న రోజున మాత్రం, తలకు స్నానం చేసి బట్టలు మార్చుకుంటే గానీ చౌడక్క ఆయన్ని పట్టుపురుగుల షెడ్డు ఛాయలకు రానివ్వదు. ఆయనా ఒక్కనాడూ ఎదురు మాట్లాడకుండా చేసొస్తాడు. ఆ షెడ్డు గుమ్మంలో బీడీ తాగినవాణ్ణి నిలబడనివ్వరు. వేపచెట్టు కొట్టినవాడు లోపలికి తొంగిచూసినా కేకలేస్తారు. పురుగులకు పడదు, అంతే. అది ఆ ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ నడక కంటే ముందు నేర్పే విషయం.

ఇంతలో ధర్మవరంలో ఆడబిడ్డ మాధవీలత వాళ్ల కొత్త చీరల దుకాణం ప్రారంభం వచ్చింది. పసిపురుగులు అప్పుడే షెడ్డులోకి వచ్చాయి గనక అత్త కదలదు. ఆమెను వదిలి మామ కదలడు. సరే, మొగుడూ పెళ్లాలు వెళ్లారు. వెళ్లేముందు గడప మీద నిలబడి కూడా చెప్పింది, "మామా, తోటకు నీళ్లు వదిలితే చాలు, ఇంకేం వద్దు" అని. "పోయిరామ్మా, నేను లేనా" అన్నాడాయన. ఆ మాటకు ఆమెకు భయం ఎక్కువైందే గానీ తగ్గలేదు.

అక్కడ జయరామ్ ఇంకో రోజు ఉండి సాయం చేసి వస్తానన్నాడు. ఆమె ఒక్కతే తిరిగొచ్చింది. వచ్చేసరికి ఇదీ వాసన.

పాలీహౌస్ తలుపు తీసేసరికి ఆదినారాయణ వీపున స్ప్రేయరు డబ్బాతో, ముఖం నిండా చెమటతో, చివరి వరస పూర్తి చేసి వస్తున్నాడు. ముఖంలో ఎంత సంతోషమో.

"వచ్చినావా అమ్మా. చూడు, ఆకు ఎట్ల మెరుస్తాందో."

ఆకు మెరుస్తోంది నిజమే. నూనె రాసినట్టు జిడ్డుగా మెరుస్తోంది.

"ఏం కొట్టినావు మామా?"

"మనదే. కషాయం. ఆకుకు పట్టుకోవల్లని కాసింత కానుగనూనె, సబ్బునీళ్లు కలిపినా."

వసుంధర స్వీటు డబ్బా పక్కన పెట్టి, పట్టుచీరతోనే మట్టిలో కూర్చుండిపోయింది.

"లోపల మన నల్లులుండాయి గదా మామా."

"ఉండాయి. వాటికోసమే కొట్టినా. నువ్వు ఊళ్లో లేకపోతే వాటిని చూసుకునేదెవరు? పొద్దున నీ భూతద్దం పెట్టి చూసినా. కొన్ని కదలకుండా నీరసంగా ఉండాయి. కాస్త బలం వస్తాదని."

"అది పురుగుల్ని చంపేది మామా."

"చెడ్డవాట్ని చంపుతాది. ఇదేమన్నా కెమికలా, కండ్లు మూసుకుని అందర్నీ చంపేదానికి? ఆకుల మందమ్మా. ఎవర్ని చంపల్లో, ఎవర్ని వదలల్లో దానికి తెలుసు."

ఏం చెప్పాలి ఈయనకు? మోసం చేశాడని అందామా అంటే మోసం లేదు. అడ్డుపడాలని చేశాడా అంటే అదీ కాదు. మండుటెండలో, మోకాళ్ల నొప్పులతో, ఆకు అడుగు అడుగూ తిప్పి మరీ కొట్టాడు. పగవాడు కూడా ఇంత శ్రద్ధగా చంపడు. తిట్టడానికి నోరు తెరిచి, ఆ చెమట పట్టిన ముఖం చూసి, పళ్లు నూరుకుని ఊరుకుంది.

ఫోను చేస్తే ప్రియదర్శిని తల పట్టుకుంది. "నూనె కూడా కలిపినారా? నూనె పడి తడిసినవి అక్కడికక్కడే పోతాయి వసూ. మిగిలినవి కొన్ని తిరుగుతాయి గానీ గుడ్లు పెట్టవు. పెట్టినా సరిగా పొదగవు. తిరుగుతాండాయని నమ్మొద్దు" అంది.

మరుసటి రోజు మామ భూతద్దంతో సహా వంటింట్లోకే వచ్చాడు. చేతిలో ఒక ఆకు. "చచ్చినాయి చచ్చినాయి అంటివే, చూడు. ఒగటి తిరుగుతాంది."

చూసింది. తిరుగుతోంది. పక్కన ఎండిపోయి ముడుచుకున్నవి ఇంకెన్నో ఉన్నాయి. అవి ఆయన కంటికి ఆనలేదు. గుడ్డు ఒక్కటీ లేదు.

"ఒగటి తిరిగితే ఏం లాభం మామా? పిల్లలు గావల్ల గదా. ఆ నూనె, ఆ పొగాకు వాటికి గుడ్డు నిలవనీదు."

"నిన్న మందు కొడితే ఈరోజుకు పిల్లలెట్ల వస్తాయమ్మా? కాస్త ఓపిక పట్టల్ల."

ఓపిక పట్టాలట. ఈమె! ధర్మవరం నుంచి వచ్చిన జయరామ్‌కు మొర పెట్టుకుంది. జయరామ్ మంచివాడే గానీ, ఇంట్లో ఎవరు ఏం చెప్పినా అతనికి సబబుగానే తోస్తుంది. ఆమె చెప్పిందంతా విని, "నువ్వు చెప్పేది నిజమే" అన్నాడు. వాళ్ల నాయన చెప్పింది విని, "తిరుగుతాండేది కూడా నిజమే గదా" అన్నాడు. ఆ రాత్రి అతని కంచంలో సంగటి కాస్త గట్టిగానే పడింది.

చిగుళ్లు ముడుచుకున్నాయి. ఆకుల మీద చుక్కలు పడ్డాయి. మంచి నల్లులు చచ్చి ఊరుకున్నాయా, ఎర్రనల్లి గుడ్లు మాత్రం ఆకు ముడతల్లో భద్రంగా ఉండి పిల్లలయ్యాయి. ఇప్పుడు వాటిని తినే దిక్కు లేదు. పదిరోజులు తిరిగేసరికి తూర్పు వరసల్లో బూజు గూడు తెల్లగా కనిపించింది. వసుంధర బూజు పట్టిన కొమ్మలు కత్తిరించింది, నీళ్లతో ఆకులు కడిగింది, ఇంకా ఏమేమో చేసింది. ఎన్ని చేసినా ఒక్క చేతితో ఎంతని ఆపగలదు?

కబురు హిందూపురం చేరడానికి ఎంతసేపు? శుక్రవారం పొద్దున్నే లక్ష్మీకాంత్ తెల్లచొక్కా వేసుకుని, చేతిలో తమలపాకుల కట్టా వక్కల పొట్లమూ పెట్టుకుని వచ్చేశాడు. వసారాలో కూర్చుని కాఫీ తాగాడు. వసుంధర లోపలి గుమ్మం దగ్గర నిలబడి వింటోంది.

"ఏమన్నా, తోట చూసొచ్చినా. గూడు కట్టిందే" అన్నాడు లక్ష్మీకాంత్.

ఆదినారాయణ నిట్టూర్చాడు. "కట్టింది. ఏం చేద్దాం. పాపం, మా కోడలి తప్పేం లేదప్పా. రెక్కలు ముక్కలు చేసుకునింది. ఆ బెంగళూరు నల్లుల్లోనే సత్తువ లేదు. కషాయంతో బలం పట్టిద్దామని చూసినా గానీ అవి నిలబడలేకపాయ."

అంతే. వసుంధరకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్లూ దేన్నైనా సహించింది. పంట పోతుంటే సహించింది, ఓపిక పట్టమంటే సహించింది. చంపిన మనిషే చచ్చినవాటికి సత్తువ లేదని జాలిపడుతుంటే మాత్రం ఆమె వల్ల కాలేదు. గిరుక్కున తిరిగి పెరట్లోకి వెళ్లింది. డ్రమ్ము మూత తీసి, బకెట్టు నిండా కషాయం ముంచింది. వసారా ముందునుంచే, అందరూ చూస్తుండగా, పట్టుపురుగుల షెడ్డు వైపు నడిచింది.

షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. అంటే నాలుగోసారి పొర విడిచి, గూడు కట్టేముందు ఎంత వేసినా చాలదన్నట్టు తినే దశ. చౌడక్క లోపల మల్బరీ ఆకు పరుస్తోంది.

"యాడికమ్మా అది?" అన్నాడు మామ కూర్చున్నచోటు నుంచే.

"షెడ్డులోకి మామా."

"షెడ్డులోకా?"

"పురుగులు జ్వరం లేచి అలిసిపోయుండాయి. నాలుగు చుక్కలు చల్లితే బలం వస్తాది."

మోకాళ్ల నొప్పుల మనిషి ఎలా లేచాడో, ఎలా వచ్చాడో తెలియదు. కాఫీ గ్లాసు దొర్లిపోయింది. ఆమె గుమ్మం చేరేలోపలే రెండు చేతులూ బార్లా చాపి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"పిచ్చి పట్టిందా నీకు? ఒక్క చుక్క పడితే తెల్లారేసరికి తట్టలు తట్టలు ఎత్తి పారబోసుకోవల్ల."

"ఎందుకు మామా? మన పురుగులు చెడ్డవా?"

"చెడ్డవేందమ్మా, నోరులేని జీవాలు. ఆకు తిని పట్టు ఇచ్చేవి."

"మరి భయమెందుకు? ఎవర్ని చంపల్లో, ఎవర్ని వదలల్లో దానికి తెలుసంటివి గదా."

  లోపల పురుగులు ఆకు కొరికే చప్పుడు వినిపిస్తోంది. వసారాలో లక్ష్మీకాంత్ తమలపాకుల కట్ట పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"నా నల్లులు కూడా నోరులేనివే మామా" అంది వసుంధర.  ఏడవకూడదనుకుంది గానీ ఏడుపొచ్చేసింది. "నేనొకసారి కాదు, నూరుసార్లు చెప్తిని. ఒక్కసారి కూడా నీ చెవిలోకి పోలేదే."

"ఆ బకెట్టు అవతల పెట్టి మాట్లాడుకోండి, మామాకోడళ్లు" అంది లోపలి నుంచి చౌడక్క. "గాలికి వాసన ఇట్లే వస్తాంది."

వసుంధర బకెట్టు తీసుకెళ్లి పెరట్లో పెట్టేసింది. ఆమె తిరిగొచ్చేసరికి ఆదినారాయణ అక్కడే ఉన్నాడు. చాపిన చేతులు దించలేదు. తర్వాత నెమ్మదిగా దించి, ఆ అరచేతుల వంక చూసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. వసారాలోకి నడిచాడు.

"ఆకూ వక్కా నీ దగ్గరే పెట్టుకోప్పా లక్ష్మీకాంతూ."

"అదేందన్నా, మాటిచ్చినావు గదా."

"ఇచ్చినా. నల్లులు తోటను నిలబెట్టకపోతే ఇస్తానంటి. వాటిని నిలబడనిచ్చిందెవరు? వాటిని చంపింది నేను. నేను చంపి, నీకు తోట ఇస్తే అదేం మాటప్పా?"

లక్ష్మీకాంత్ గొణుక్కుంటూ బండెక్కి వెళ్లిపోయాడు.

ఇక్కడితో వసుంధరకు విసుగు తీరిందని అనుకుంటారేమో. అబ్బే. ఆదినారాయణ కోడలికి తప్పయిందని ఒక్క మాట చెప్పలేదు. అది ఆయన జన్మలో లేదు. దానికి బదులు పాలీహౌస్‌కు కాపలా మొదలుపెట్టాడు. కషాయం డ్రమ్ము దొర్లించుకుంటూ శెనక్కాయ చేను అవతలికి తీసుకెళ్లాడు. తోటలోకి వెళ్లబోతున్న జయరామ్‌ను ఆపి, తలకు ఏం నూనె రాశావని అడిగి వెనక్కి పంపాడు. అదీ సరే, ఆమెనే ఆపి, "ఏం సబ్బుతో రుద్దుకున్నావమ్మా? వేప సబ్బు కాదు గదా?" అన్నాడు. తన తోటలోకి తాను వెళ్లడానికి ఆమె ఆయన దగ్గర అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. మునుపు చెప్పినా వినక చంపాడు, ఇప్పుడు చెప్పకుండానే వినేసి చంపుతున్నాడు. తల ప్రాణం తోకకొచ్చింది.

కొమ్మలు కత్తిరించి, ఆకులు కడిగి, పాత మందు వాసన పూర్తిగా పోయేదాకా ఆగమంది ప్రియదర్శిని. ఆగారు. పడమటి వరసలు పచ్చగానే నిలిచాయి. మళ్లీ నల్లులు పంపానని ఫోను వచ్చిన రోజున, "నేను పోయొస్తా" అని ఆదినారాయణ హిందూపురం బయల్దేరాడు. వద్దు మామా, నీకు నొప్పులు అంటే వినలేదు. వినడం ఆయనకు ఎప్పుడు అలవాటుంది గనక.

మధ్యాహ్నం దాటాక వచ్చాడు. బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని, పక్క సీటులో ఎవరో జర్దా నములుతుంటే లేచి నిలబడి వచ్చాడట. ఇంట్లోకి రాకుండా నేరుగా బావి దగ్గరికి పోయి స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, డబ్బా తీసుకుని పాలీహౌస్ దగ్గరికి వచ్చాడు. గుమ్మం బయట చెప్పులు విడిచాడు. లోపల ఉన్న వసుంధరను పిలిచి, డబ్బాను చేతులు బారెడు చాపి అందించాడు.

"లోపలికి రా మామా. ఇద్దరం చల్దాం."

"నేను రాను. రెండుసార్లు రుద్దుకున్నా చేతుల్లో వాసన పోలేదు. నువ్వే వదులు."

వసుంధర డబ్బా అందుకుంటూ ఆ చేతులు పట్టుకుని వాసన చూసింది. ఉత్త సబ్బు వాసన.

"ఏ వాసనా లేదు మామా. రా" అంది.

ఆయన తల అడ్డంగా ఊపి, చెప్పుల పక్కన, గుమ్మం బయటే నిలబడిపోయాడు.